నాన్న కుడిపక్క చోటు

ఈ చెక్కగోడకు అవతల బైనా అత్త ఉంది. నా వీపుకీ ఆవిడ శవపెట్టెకీ మధ్య ఒక్క పలక అడ్డం, అంతే. రైలు కుదిపినప్పుడల్లా అవతల ఏదో కదిలి గోడకు తగులుతోంది. అది ఆవిడ పెట్టో, ఎవరిదో ట్రంకో తెలియదు కానీ తగిలిన ప్రతిసారీ ఆవిడేనని అనుకుంటున్నాను. మా నల్లవాళ్ళ బోగీ ఎప్పుడూ ఇంతే కదా, ఇంజను వెనకాల సామాను గదిని సగానికి కోసి ఇంత చోటు పడేస్తారు. బొగ్గునుసి అంతా మా నెత్తిన, వెనక బోగీల్లోని తెల్ల మగవాళ్ళు చుట్ట కాల్చుకోవాలన్నా ఉమ్మాలన్నా ఇక్కడికే రావాలి. నల్లవాళ్ళకు వేరే బోగీ అని చట్టం చేసినవాళ్ళను పద్నాలుగేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను, నా నోరు మంచిదని ఎవరూ అనరు. ఇవాళ మాత్రం తిట్టబుద్ధి కావడం లేదు. వెనకాల ఆ మెత్తటి సీట్లలో కూచోనిచ్చి ఉంటే అత్త ఇక్కడ మూటల మధ్య ఒంటరిగా వచ్చేది. చిన్నచూపు చూసి మాకు విదిల్చిన ఈ చోటే మా ఇద్దర్నీ వీపుకు వీపు ఆనించి కూచోబెట్టింది. దేవుడా, ఈ మాత్రం దయకైనా నీకు దండం.

ఇంకో గంటలో మా ఊరు సైప్రస్ బెండ్ వస్తుంది. అక్కడి రైలు డిపోలో మా తమ్ముడు టైటస్ బండి కట్టించుకుని, నల్లకోటు వేసుకుని నిలబడి ఉంటాడు. చర్చిలో డీకన్ వాడు, పైగా మా ఊరి సమాధి సంఘానికి పెద్ద, ఎవరిని ఎక్కడ పూడ్చాలో వాడే చెప్పాలి. అత్తకు కంచె పక్కన గొయ్యి తవ్విస్తున్నానని కబురు పంపాడు. కంచె పక్కన అంటే మేనత్తలూ మేనమామలూ పెళ్ళికాని చెల్లెళ్ళూ పడుకునే వరస. భార్యలు భర్తల పక్కన, మిగతావాళ్ళు కంచె పక్కన, అది మా సంఘం పద్ధతి. మా నాన్న క్వాష్‌కు ఎడమపక్కన మా అమ్మ హెస్టర్ ఉంది. కుడిపక్క ఖాళీ. అత్తను పడుకోబెట్టాల్సింది ఆ ఖాళీలో, ఎందుకంటే ఆవిడ మా నాన్నకు చెల్లెలు కాదు, మొదటి భార్య. ఈ సంగతి తెలిసిన ముసలివాళ్ళంతా ఒక్కొక్కరే నోరు కట్టుకునే వెళ్ళిపోయారు. ఇప్పుడు తెలిసినవాళ్ళం నేనూ టైటస్ మాత్రమే. వాడు చెప్పడు. కాబట్టి నేను చెప్పాలి, ఊరందరి ముందూ, ఇవాళే, మట్టి వేయకముందే. మట్టి వేశాక ఏం చెప్పి ఏం లాభం.

వాడు చెడ్డవాడేం కాదు. పోయిన నెల అత్తను చూడ్డానికి చార్లెస్టన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లో మెల్లగా కదిపాను. చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, తలుపు మూసి వచ్చి అన్నాడు, "అక్కా, ఆవిడ అత్తగానే బతికింది. అత్తగానే పోనీ."

"ఆవిణ్ణి నాన్న పక్కన పెట్టమని అమ్మ అడిగిందిరా. చచ్చిపోతూ నా చెయ్యి పట్టుకుని అడిగింది."

"అమ్మకేం, అడిగి వెళ్ళిపోయింది. రేపు చర్చిలో అందరి ముందూ నిలబడేది నేను. నల్లోళ్ళకి పెళ్ళీ పెటాకులూ లేవు, పశువుల్లా కలుస్తారని పేపర్లలో రాస్తున్నారు. మన ఓట్లు పీకేసినప్పుడూ ఇదే మాట, బోగీలు వేరు చేసినప్పుడూ ఇదే మాట. ఇప్పుడు మా నాన్నకి ఇద్దరు పెళ్ళాలోయ్ అని నేనే డప్పు కొట్టుకోవాలా?"

"ఆవిడ చంకెక్కి కూచుని ఆవిడ మీదే ఉచ్చ పోసినప్పుడు నువ్వింత మర్యాదస్తుడివి కాదులే," అన్నాను. వాడికి నవ్వొచ్చింది, నవ్వి, వెంటనే మొహం గంటు పెట్టుకున్నాడు. వాడి ఇంటి ముందుగదిలో అమ్మానాన్నల పెళ్ళి కాగితం అద్దం బిగించి గోడకు వేలాడుతుంటుంది. ఎవరొచ్చినా ముందు దాని కిందే కుర్చీ వేస్తాడు. డిపో దొర ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడాల్సిన మనిషికి ఇంట్లో అదొక్కటే సింహాసనం, దాన్ని నేను కదిలిస్తానంటే భయపడడూ మరి. భయం నాకు మాత్రం లేదా. ఒడిలో గుడ్డలో చుట్టిన కప్పు ఉంది, అత్త చివరిసారి నీళ్ళు తాగిన పింగాణీ కప్పు, సమాధి మీద పగలగొట్టి పెట్టాలి, లేకపోతే పోయినవాళ్ళు ఇంకొకర్ని తోడు పిలుస్తారంటారు. దీన్ని ఇప్పుడే పగలగొట్టేస్తానేమో అన్నట్టుంది నా వేళ్ళు బిగుసుకున్న తీరు చూస్తే.

కిటికీలోంచి వరిమళ్ళు కనిపిస్తున్నాయి, మళ్ళంటే ఇప్పుడేముంది, నిరుటి తుఫానుకు గట్లన్నీ తెగిపోయాయి, తూములు ఊడిపోయాయి, ఉప్పునీళ్ళల్లో కొంగలు నిలబడి ఉన్నాయి. మా చిన్నప్పుడు ఈ వేళకు పచ్చగా ఉండేది. మాకు బానిసతనం నుంచి విడుదల వచ్చిన రోజు నాకు గుర్తు లేదు, నాలుగేళ్ళదాన్ని. గంట మోగిందనీ, ముసలమ్మలు నేల మీద పడి దొర్లారనీ చెబుతారు. నాకు గుర్తున్న విడుదలంతా దారుల మీద మనుషులు. ఎటు చూసినా మనుషులే, నెత్తిన మూట, కాళ్ళకు గుడ్డపీలికలు, పొలాల దగ్గర ఆగి, ఫలానా పేరుగల పిల్లను చూశారా, బుగ్గ మీద కాలిన మచ్చ ఉంటుంది, ఫలానా దొర దగ్గర అమ్ముడైన మా ఆయన ఇక్కడేమైనా ఉన్నాడా, అని అడుక్కుంటూ పోయేవాళ్ళు. చూశామన్నవాళ్ళు తక్కువ. అయినా అడిగేవాళ్ళు. ఆ మరుసటేడు నాట్ల ముందు, నాన్న మోకాలిలోతు నీళ్ళలో తూము చెక్క సరిచేస్తుంటే గట్టు మీద ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. సన్నగా, పొడుగ్గా. ఏమీ అడగలేదు. నాన్న తలెత్తి చూసి, చేతిలో సుత్తి వదిలేసి, అలాగే నీళ్ళలో కూచుండిపోయాడు, నడుం దాకా బురదలో, బట్టలతో సహా. నాకు నవ్వొచ్చి చప్పట్లు కొట్టాను. మా అమ్మ నవ్వలేదు. టైటస్‌ను చంకలోంచి దించి గట్టు మీద పెట్టింది, అదొక్కటే నాకు గుర్తు.

ఆవిడ బైనా. నేను పుట్టడానికి చాలా ముందే దొర ఆవిడను జార్జియా వ్యాపారికి అమ్మేశాడు. బండి కనుమరుగయ్యేదాకా నాన్నను చెట్టుకు కట్టేసి ఉంచారట. తర్వాత ఆయన రెండేళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదనీ, మూడో ఏట మా అమ్మతో మాట్లాడాడనీ అమ్మ చెప్పింది. అది కూడా ఉప్పు ఉందా అని. అమ్మ ఆ మాట చెప్పి నవ్వింది, చచ్చిపోతూ కూడా నవ్వింది, ఉప్పు అడిగి ఇద్దరు పిల్లల్ని కన్నాడే మీ నాన్న, అని. బైనా జార్జియాలో పత్తి తీసింది, అక్కడ ఎవర్నీ చేరలేదు, విడుదల మాట వినగానే బయల్దేరి నడుచుకుంటూ వచ్చింది. వస్తే ఇక్కడ ఉప్పు అడిగినావిడా, నేనూ, టైటసూ. సవతి ఇంటికొస్తే కొంపలంటుకుంటాయని కదా అందరూ అనుకునేది. మా కొంపలో ఆ రాత్రి ముగ్గురూ పొయ్యి ముందు కూచుని ఏడ్చారట, ఎవరి మీదా ఎవరికీ కోపం రాలేదట, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వాడు పెద్ద బంగళా మెట్ల మీద హాయిగా కూచుని ఉంటే వీళ్ళలో వీళ్ళకు ఏముంటుంది.

"ఎవర్ని తీసుకెళ్తున్నావమ్మా?" ఎదురు సీటులో లావుపాటావిడ అడుగుతోంది. చార్లెస్టన్‌లో ఎక్కేటప్పుడు సామాను గది దగ్గర నన్ను చూసి ఉంటుంది. ఒడిలో వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె, మొహం నిండా దయ.

"మా మేనత్తనండి," అన్నాను.

"అయ్యో. మేనత్త కోసం ఇంత దూరమా. మంచిదానివే తల్లీ. మా మేనకోడళ్ళు నన్ను గుమ్మం దాకా కూడా మొయ్యరు." చేప ముక్క ఒకటి కాగితంలో పెట్టి నా చేతికిచ్చింది. "తిను. ఖాళీ కడుపుతో ఏం ఏడుస్తావ్."

తింటున్నాను. చేప బాగుంది, ఉప్పూ కారం సరిపోయాయి. యాభై ఏళ్ళ అలవాటు, అడగ్గానే నాలుక దానంతటదే అత్త అనేసింది. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ముందు, ఆ చేపలావిడ నాకేమవుతుందని, ఆవిడ ముందే ఇలా అయితే ఇంక టైటస్ ముందు, పాదిరిగారి ముందు, సంఘంవాళ్ళందరి ముందు నా నోరు ఎలా పెగులుతుంది. గోడ అవతల మళ్ళీ ఏదో తగిలింది. వింటున్నావా అత్తా. నవ్వుతున్నావు కదూ.

అసలు ఆ మాట మొదటిసారి అన్నది ఆవిడే. ఎండాకాలంలో, యుద్ధం గెలిచిన ఉత్తరాది సైన్యంలోంచి నీలికోటు ఆఫీసరు వచ్చాడు, వరి దంచే మిల్లు ముందు బల్ల వేయించుకుని కూచున్నాడు. ఇన్నాళ్ళూ మీ కాపరాలకు లెక్కాపత్రం లేదు, ఇకమీదట ఉంటుంది, జంటలు జంటలుగా రండి, రాసిస్తాను, ఇద్దరు పెళ్ళాలున్నవాడు ఒకర్నే రాయించుకోవాలి, రెండోదాన్ని వదిలేయాలి, చట్టం అంతే. జనం బారులు తీరారు. డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళు కొత్త పెళ్ళికొడుకుల్లా తలలు దువ్వుకుని వచ్చారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ సరిగ్గా తిని చాలా రోజులైంది. నేను పోతాను, నువ్వు ముందొచ్చినదానివి, అని అమ్మ అంటుందట. బైనా ఏమీ అనదట. నాన్న ఇద్దర్నీ చూసి బయటికి వెళ్ళిపోతాడట. అమ్మ పోతే మేమూ పోవాలి, నేనూ టైటసూ, అమ్మ కడుపులో ఇంకోటి, అదే ఆ నెత్తిన మూటల బారులో, ఆ దారుల మీద. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆఫీసరు గుర్రం చాలా పెద్దదనీ, వరసలో నిలబడితే కాళ్ళు నొప్పులనీ, బైనా చెయ్యి నా నెత్తిన ఉందనీ. బరువైన చెయ్యి, వెచ్చగా ఉంది. మా వంతు వచ్చింది. నీ పెళ్ళాం ఎవరు, ఆఫీసరు అడిగాడు. నాన్న నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ అడిగాడు. అప్పుడు ఆ చెయ్యి నా నెత్తి మీదనుంచి లేచింది.

"నేను ఈయన చెల్లెల్నండి," అంది బైనా. "పెళ్ళాం ఈవిడ. రాసుకోండి, పిల్లలు ఎండకి మాడిపోతున్నారు."

ఆఫీసరు రాసుకున్నాడు. నాన్న వెక్కివెక్కి ఏడ్చాడు, సంతోషం పట్టలేకపోతున్నాడనుకుని ఆఫీసరు భుజం తట్టాడట. అంతే, అంత చిన్న మాట. జార్జియా నుంచి కాళ్ళు పగిలేలా నడిచొచ్చింది ఆ మొగుడి కోసం, ఆ మొగుణ్ణే ఒక్క మాటతో మా అమ్మ చేతిలో పెట్టేసింది. ఆవిడ ఇంకో మాట అని ఉంటే నేను ఎక్కడ ఉండేదాన్ని, ఏ గట్టు మీద ఏ జ్వరంతో పోయేదాన్ని. నాకు తండ్రి ఉన్నాడంటే, నా తలకు పైన కప్పు ఉండిందంటే, చార్లెస్టన్‌లో ఇవాళ నేను నా సొంత కుట్టుమిషను ముందు కూచున్నానంటే, ఆ ఒక్క మాట పెట్టిన భిక్ష. ఇంత పెట్టినావిడను కంచె పక్కన పడుకోబెడతానంటాడు మా డీకన్‌గారు.

మా వాకిలికి ఆ చివర చిన్న గుడిసె వేసుకుంది. వాకిలి ఈ చివరనుంచి అమ్మా, ఆ చివరనుంచి అత్తా, పొద్దున్నే చెట్టుకొమ్మల చీపుళ్ళతో ఊడ్చుకుంటూ వచ్చేవాళ్ళు, గడ్డిపరక మిగలకుండా, మట్టి మీద చీపురు గీతలు తప్ప ఇంకేమీ లేకుండా. మధ్యలో కలిసేవాళ్ళు. అక్కడ చీపుళ్ళ మీద ఆనుకుని నిలబడి ఏవేవో మాట్లాడుకునేవాళ్ళు, బెండకాయల గురించి పోట్లాడుకునేవాళ్ళు కూడా, నా మొక్కకు పోయాల్సిన నీళ్ళు నీ మొక్కకు పోసుకున్నావని. ఒకసారి అమ్మ, "పెద్ద గొప్పగా దానం చేశావులే, దానం చేసి రోజూ చూస్తావా," అంది, అత్త, "చూడనా మరి, ఎలా వాడుకుంటున్నావో," అంది, ఇద్దరూ వంగి వంగి నవ్వారు. నేను అప్పుడు చీపురు గురించేమో అనుకున్నాను. అత్త దీపాలు పెట్టాక మా గుమ్మం తొక్కేది కాదు. పురుడైనా, జ్వరమైనా పొద్దున వచ్చి పొద్దుగూకేలోపు వెళ్ళిపోయేది. అమ్మ కడుపులో ఉన్నది పుట్టి నాలుగు నెలలకే పోతే, పెట్టెలో పడుకోబెట్టింది కూడా అత్తే, పెట్టె మీదుగా టైటస్‌ను అటునుంచి ఇటు అందించింది కూడా అత్తే, పోయిన బిడ్డ వీణ్ణి పిలవకుండా.

నాన్న పోయిన సాయంత్రం అత్త బయట మెట్టు మీద కూచుంది. లోపల ఊపిరి ఎగబీలుస్తున్నాడు. పొద్దుగూకుతోంది, ఇక ఆవిడ లేచి వెళ్ళిపోవాలి, అది ఆవిడ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. అమ్మ లోపలినుంచి వచ్చి, ఆవిడ జబ్బ పట్టి లేపి, లోపలికి తోసి, తలుపు మూసేసింది. తను బయట ఉండిపోయింది. నేను బావి దగ్గరనుంచి చూస్తున్నాను. అమ్మ చీపురు తీసుకుని చీకట్లో వాకిలి ఊడవడం మొదలుపెట్టింది, పొద్దుగూకాక ఊడిస్తే ఇంట్లో మనిషి పోతారని నాకు చెప్పి కొట్టిన మనిషే. ఊడ్చిన చోటే ఊడ్చింది, తలుపు తెరుచుకునేదాకా ఊడ్చింది. నాన్న అత్త చేతుల్లో పోయాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో అమ్మ అడగలేదు, అత్త చెప్పలేదు. ఇటువంటి ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పెరిగాను నేను. బానిసతనంలో పుట్టి, వేరు బోగీల్లో ముసలిదాన్నవుతున్నాను, అయినా ఎవరైనా నన్ను నీ బతుకు ఎలాంటిదని అడిగితే అదృష్టవంతురాలిననే చెబుతాను. ఆ మాట అనడానికి నా నోరు ఎప్పుడూ తడబడలేదు.

అమ్మ పోయాక అత్తను చార్లెస్టన్ తెచ్చుకున్నాను. ఈ చలికాలం దుప్పటి కప్పుతూ, ఎందుకో, అమ్మా అన్నాను. ఒక కన్ను తెరిచింది. "ఎవర్నే పిలుస్తున్నావ్? మీ అమ్మ పోయింది. నీకు మతిపోతోందా, నాకు పోతోందా?" అంది. నిన్నే, నాకు అమ్మ అంతా చెప్పింది, అన్నాను. పైకప్పు వైపు తిరిగింది. "హెస్టర్‌కి నోరాగదు," అంది, కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే. నిన్ను నాన్న పక్కన పడుకోబెడతాను, అన్నాను. వద్దనలేదు. ఆవిడ వద్దనకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు, యాభై ఏళ్ళుగా అన్నిటికీ వద్దన్న మనిషి. గోడకు తల ఆనించాను. వస్తున్నాం, ఇంకెంతో లేదు, గట్టిగా పట్టుకో.

రైలు కూత వేసింది. సైప్రస్ బెండ్.

డిపో అరుగు మీద టైటస్ ఉన్నాడు, వెనకాల సంఘంవాళ్ళు నలుగురు, నల్లకోట్లు, తెల్ల చేతిగుడ్డలు. టైటస్ నా చెయ్యి పట్టి దించాడు, కళ్ళలోకి చూడలేదు. సామాను గదిలోంచి పెట్టె కిందికి దించారు, ఎండలో ఎంత చిన్నదిగా ఉందో. డిపో దొర వచ్చాడు. తెల్లగడ్డం, మమ్మల్నందర్నీ చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు. టైటస్ టోపీ తీశాడు.

"ఏరా టైటస్, ఎవరిదిరా ఇది? మీకేమవుతుంది?"

టైటస్ నోరు తెరిచాడు. అత్త అనబోతున్నాడు, పెదాల మీద కనిపిస్తోంది నాకు. ఆ మాట బయటికి రాకముందే నేను అనేశాను.

"మా అమ్మండి."

"అమ్మా?" దొర నన్ను ఎగాదిగా చూశాడు. "మీ అమ్మ హెస్టర్ కదే. అది పోయి ఆరేళ్ళయింది, ఈ దారినే మోసుకెళ్ళారు. మీకెంతమంది అమ్మలే?"

అరుగు చివర పత్తి మూటల మీద కూచున్న తెల్ల కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. టైటస్ ఇన్నాళ్ళూ దేనికి భయపడి తలుపులు మూసుకున్నాడో ఆ నవ్వు అదే. సంఘంవాళ్ళు నేలచూపులు చూస్తున్నారు. నేను ఇంకేం చెప్పాలో తోచక, తప్పు చేశానేమో, వాణ్ణి అందరి ముందూ ఇలా నిలబెట్టానేమో అని తమ్ముడి వైపు చూశాను. వాడు నా వైపు చూడటం లేదు. పెట్టె వైపు చూస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. చేతిలో టోపీ అంచు నలుగుతోంది.

"ఇద్దరు దొరా," అన్నాడు. "ఈవిడ మొదటావిడ. అమ్మేస్తే, నడిచి తిరిగొచ్చింది."

నవ్వు ఆగిపోయింది. దొర ఏదో అనబోయి, గడ్డం గోక్కుని, సరే తీసుకుపొండన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. టైటస్ టోపీ పెట్టుకున్నాడు, వంగి పెట్టెను తలవైపు పట్టుకున్నాడు. నాకు కళ్ళు కనిపించడం లేదు, ఎటు పట్టుకోవాలో తెలియక కాళ్ళవైపు తడుముకుంటున్నాను. వాడు సంఘంవాళ్ళలో కుర్రవాడైనవాణ్ణి పిలిచాడు.

"నువ్వు ముందు పరుగెత్తు. కంచె పక్క గొయ్యి పూడ్చేసి, నాన్న కుడిపక్కన తవ్వమను."

"ఎందుకని అడిగితే ఏం చెప్పను డీకన్‌గారూ?"

"మా అమ్మ వస్తోందని చెప్పు," అన్నాడు టైటస్.